గంటల తరబడి నడిచే పనులకు సెలెరీ: ఏళ్లుగా వాడాక నా సమీక్ష

లక్షల రికార్డుల రిపోర్టులు, వీడియో మార్పిడి, పెద్ద పెద్ద ఎక్సెల్ ఫైళ్ల దిగుమతి. మా అప్లికేషన్‌లో ఒక బటన్ నొక్కితే పది నిమిషాల నుంచి రెండు మూడు గంటల దాకా నడిచే పనులివి. వీటిని వెబ్ రిక్వెస్టులోనే నడిపితే మధ్యలో ఉన్న ప్రాక్సీ ఊరుకోదు. ఎక్కువమంది వాడే ఎన్‌జిన్‌ఎక్స్ ప్రాక్సీలో డీఫాల్ట్ గడువు 60 సెకన్లే. కాబట్టి పనిని క్యూలో వేసి, యూజర్‌కి వెంటనే 202 జవాబు ('అందింది, పని జరుగుతుంది' అనే కోడ్) పంపి, అసలు పని వెనకాల వర్కర్ అనే వేరే ప్రోగ్రామ్ చేత చేయించాలి. పైథాన్‌లో దీనికి నేను ఏళ్లుగా వాడుతున్న లైబ్రరీ సెలెరీ, బ్రోకర్‌గా (అంటే పనుల క్యూని దాచి వర్కర్లకు అందించేదిగా) రెడిస్.

మెయిల్ పంపడం, థంబ్‌నెయిల్ చేయడం లాంటి చిన్న పనులకు దీని మీద నాకు ఫిర్యాదే లేదు. పొడవాటి పనుల దగ్గర మాత్రం డీఫాల్ట్ సెట్టింగులను నమ్ముకోలేం. అవి సెకన్లలో తేలిపోయే పనులకు సరిపోయేలా ఉంటాయి.

మొదట ప్రీఫెచ్, అంటే పనులను ముందే తెచ్చుకునే అలవాటు సంగతి. సెలెరీ వర్కర్ ఒక్కో ప్రాసెస్‌కి 4 పనుల చొప్పున ముందే తెచ్చి పెట్టుకుంటుంది. పక్క సీటు ఖాళీగా ఉన్నా ఫైళ్లన్నీ తన బల్ల మీదే పేర్చుకునే గుమాస్తా తంతు ఇది. పనులు చిన్నవైతే దీనివల్ల వేగం పెరుగుతుంది. ఒక్కోటి గంట పట్టేదైతే ఒక మెషీన్ దగ్గర పనులు పేరుకుపోతాయి, ఇంకో మెషీన్ ఊరికే కూర్చుంటుంది. ప్రీఫెచ్ మల్టిప్లయర్‌ని 1కి దించితే చాలనుకుంటారు చాలామంది. చాలదు. సెలెరీ మామూలుగా పని మొదలుపెట్టేటప్పుడే బ్రోకర్‌కి 'అందింది' అని చెప్పేస్తుంది, వెంటనే ఇంకోటి తెచ్చుకుంటుంది. పని పూర్తయ్యాకే ఆ మాట చెప్పించే యాక్స్ లేట్ సెట్టింగ్ కూడా పెడితేనే, ఎన్ని ప్రాసెస్‌లుంటే అన్ని పనులే దాని దగ్గర ఉంటాయి.

అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. రెడిస్ బ్రోకర్‌గా ఉన్నప్పుడు విజిబిలిటీ టైమౌట్ అని ఒకటుంటుంది, డీఫాల్ట్‌గా 1 గంట. ఆలోగా 'పూర్తయింది' అన్న మాట రాకపోతే వర్కర్ చచ్చిపోయిందనుకుని అదే పనిని మళ్లీ ఇంకొకరికి ఇచ్చేస్తారు. మొదటి వర్కర్ బతికే ఉంది, పని చేస్తూనే ఉంది. మా దగ్గర ఒకే రిపోర్టు ఒకే కస్టమర్‌కి రెండుసార్లు వెళ్లింది ఇలాగే. లాగ్‌లో ఎర్రర్ ఒక్కటీ ఉండదు. ఒకే టాస్క్ ఐడీ గంట తేడాతో రెండుసార్లు కనబడితే అప్పుడు అర్థమవుతుంది. గంటకు మించిన కౌంట్‌డౌన్ పెట్టి వాయిదా వేసిన పనులకూ ఇదే గతి.

టైమౌట్‌ని ఆరు గంటలకు పెంచొచ్చు. కానీ అప్పుడు వర్కర్ ఉన్న మెషీన్ నిజంగానే పడిపోతే, దాని చేతిలోని పని ఆరు గంటల దాకా ఎవరికీ అందకుండా ఉండిపోవచ్చు. రెడిస్ బదులు ర్యాబిట్‌ఎమ్‌క్యూ అనే బ్రోకర్‌కి మారితే కనెక్షన్ తెగిన వెంటనే పని తిరిగి క్యూలోకి వస్తుంది, ఆ మేరకు నయమే. అయితే దాని కొత్త వెర్షన్లలో జవాబు రాని సందేశానికి 30 నిమిషాల గడువుంది, అది దాటితే వర్కర్‌తో మాట్లాడే చానెల్‌నే మూసేస్తుంది. ఎటు వెళ్లినా ఏదో ఒక గడియారం మన నెత్తిన ఉంటుంది.

అందుకే సెట్టింగులతో కుస్తీ పట్టడం మానేసి పనినే ముక్కలు చేశాం. రెండు గంటల రిపోర్టు ఇప్పుడు ఒక నిమిషం లోపు తేలే ముక్కల వరుస. ప్రతి ముక్కకూ డేటాబేస్ టేబుల్లో ఒక రికార్డు, దానికి ఇంకెవరికీ లేని యునీక్ కీ. అదే ముక్క మళ్లీ వచ్చినా 'ఇది అయిపోయింది' అని చూసి వదిలేస్తుంది. సెలెరీలో ముక్కలను కలపడానికి కార్డ్ అనే సదుపాయం ఉంది గానీ, ఒక్క ముక్క విఫలమైనా చివరి పని నడవదు. లెక్క మా టేబుల్లోనే ఉంచుకోవడం నాకు నచ్చింది. ఎంత శాతం అయిందో యూజర్‌కి చూపించడం తేలికైంది, రద్దు చేయడం ఇంకా తేలిక: ప్రతి ముక్కా మొదట 'రద్దయిందా' అని ఒక జెండా చూస్తుంది, అంతే. నడుస్తున్న పనిని బలవంతంగా చంపే రివోక్ టెర్మినేట్ అనే ఆదేశాన్ని యూజర్ నొక్కే రద్దు బటన్‌కి తగిలించొద్దు. అది ప్రాసెస్‌నే చంపుతుంది, ఆ క్షణానికి ఆ ప్రాసెస్ వేరే పని మొదలుపెట్టి ఉండొచ్చు కూడా.

కొత్త కోడ్ పెట్టేటప్పుడూ ఈ ముక్కలే కాపాడాయి. ఆగమంటే సెలెరీ చేతిలో పని పూర్తయ్యేదాకా ఆగుతుంది, మంచిదే. వర్కర్లను కంటెయినర్లలో నడిపే కుబర్నెటీస్ మాత్రం మామూలుగా 30 సెకన్లు, డాకర్ 10 సెకన్లు చూసి చంపేస్తాయి. రెండు గంటల పనికి ఆ గడువెంత పెంచుతాం? నిమిషం ముక్కలకైతే రెండు నిమిషాలు చాలు.

మిగతావి త్వరగా చెప్తాను. విఫలమైన పనిని క్రమంగా ఎడం పెంచుతూ మళ్లీ ప్రయత్నించే రీట్రై బ్యాకాఫ్ బాగా పనిచేస్తుంది. మెమరీ లీకయ్యే లైబ్రరీలు వాడితే, కొన్ని పనుల తర్వాత ప్రాసెస్‌ని మార్చేసే మ్యాక్స్ టాస్క్స్ పర్ చైల్డ్ సెట్టింగ్ పెట్టుకోండి. జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్లకు సెలెరీ 5.4 వెర్షన్‌లో వచ్చిన డిలే ఆన్ కమిట్ పెద్ద ఊరట, డేటాబేస్ ట్రాన్సాక్షన్ ముగిశాకే పనిని క్యూలో వేస్తుంది. అంతకుముందు ట్రాన్సాక్షన్ ముగియకముందే వర్కర్ పరుగెత్తుకొచ్చి 'రికార్డే లేదు' అనకుండా మనమే చూసుకోవాల్సి వచ్చేది. సెలెరీ పనులను చూపించే ఫ్లవర్ డాష్‌బోర్డ్ చూడ్డానికి బాగుంటుంది, కానీ క్యూ పొడవు మీద అలర్ట్ వేరుగా పెట్టుకోక తప్పలేదు.

రాత్రికి ఒక్కసారి నడిచే స్క్రిప్ట్ కోసమైతే సెలెరీ ఎందుకు, చెప్పిన టైముకి స్క్రిప్ట్ నడిపే క్రాన్ చాలు. రోజుల తరబడి సాగుతూ మధ్యలో మనుషుల ఆమోదం కోసం ఆగే పనులకు ఇది సరిపడలేదు. మా దగ్గర అలాంటిది ఒకటే ఉంది, దాన్ని అలాంటి పొడవాటి వర్క్‌ఫ్లోల కోసమే ఉన్న టెంపోరల్‌కి మారుస్తున్నాం. మిగతావన్నీ సెలెరీలోనే ఉన్నాయి, కదిలించే ఆలోచన లేదు.