పెద్దాయన వదిలి వెళ్లిన బండిలో యాత్ర

పాత బండ్లంటే ప్రాణం పెట్టిన ఇంటి పెద్ద పోయాక, ఆయన తిరిగిన దారుల్లో ఆయన కారులోనే ఒకసారి వెళ్లి రావాలని పిల్లలకు అనిపిస్తుంది. మంచి ఆలోచనే. కానీ ఆయన ఉన్నన్నాళ్లూ తెల్లవారుజామున చేసుకున్న పనులేవీ వెనక సీట్లో వాళ్లకు తెలియవు. డ్యాష్‌బోర్డు అరలో నోటుపుస్తకం దొరికితే ముందు అది చదవండి. ఏ ఎక్కుడులో ఇంజన్ వేడెక్కింది, ఎక్కడ నీళ్లు దొరికాయి, ఏ లాడ్జిలో బండిని నీడన పెట్టుకోనిచ్చారు... దారి ఎంచుకోవడానికి ఇంతకన్నా ఆధారం లేదు.

ఏడాదిగా షెడ్డులో ఉన్న బండికి వెంటనే తాళం తిప్పకండి. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్‌లో టీస్పూనుడు ఇంజన్ ఆయిల్ వేసి రాత్రంతా వదిలేయాలి. మర్నాడు బండి ముందు దూర్చి ఇంజన్ తిప్పే హ్యాండిల్‌తో నెమ్మదిగా తిప్పి చూసి, ప్లగ్గులు పెట్టకుండానే, వాటికి కరెంటు పంపే కాయిల్ వైరు తీసి, స్టార్టర్ తిప్పితే ఆయిల్ అంతటికీ పాకుతుంది. పాత పెట్రోలు దించేయండి. అది జిగురులా మారి కార్బురేటర్ జెట్లను (పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రాలను) మూసేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు పైపులు తట్టుకోలేవు కాబట్టి అవీ మార్చాలి. టైరు గాడి చూసి మోసపోవద్దు. పక్కగోడ మీద 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని. పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనిపించినా తీసేయడమే.

ప్రదేశాల మాటకొస్తే, మైదానపు పాత రోడ్లకే మా ఓటు. ఎక్స్‌ప్రెస్ హైవే మీద 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండికి వెనక లారీల హారన్లే మిగులుతాయి. రోజుకు 150 నుంచి 200 కిలోమీటర్లు చాలు. కొండదారి ఎక్కితీరాలంటే పొద్దున్నే ఎక్కండి. మధ్యాహ్నపు ఎండలో పంపులోనో పైపులోనో పెట్రోలు మరిగి ఆవిరైపోతుంది, ఇంజన్ దగ్గి ఆగుతుంది. బానెట్ తెరిచి, పంపు మీద తడిగుడ్డ వేసి అరగంట కూర్చుంటే అదే దారికొస్తుంది. ఆ కంగారులో రేడియేటర్ మూత మాత్రం తీయకండి. దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. డ్రమ్ము బ్రేకులు వేడెక్కితే పెడల్ తొక్కినా పట్టు ఉండదు.

సర్వీసులో, మెరిసే పెద్ద వర్క్‌షాపు కన్నా పాత లారీలు చూసే చిన్న షెడ్డే నయం. కంప్యూటరు తగిలించి లోపం చదివే కుర్రాడికి పాయింట్ల గ్యాపు, అంటే ప్లగ్గులకు కరెంటు అందేలా తెరుచుకుని మూసుకునే స్విచ్చు ముక్కల మధ్య సందు, తెలియకపోవచ్చు. చాలా కార్లకు అది 0.4 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఆ సందు కొలిచే ఫీలర్ గేజి, పాయింట్లు కాలిపోకుండా కాపాడే కండెన్సర్ ఒకటి అదనంగా, ఫ్యాన్ బెల్టు మీ దగ్గరే ఉండాలి. 1888లో కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా బెంజ్ ఆ కారులోనే ఇద్దరు కొడుకులతో జర్మనీలోని మన్‌హైమ్ నుంచి ఫోర్‌జైమ్‌కు వెళ్లినప్పుడు ఇంధనం మందుల దుకాణంలో కొంది, మూసుకుపోయిన పైపును టోపీ పిన్నుతో పొడిచింది. ఈనాటికీ పాత బండికి సాయం దొరికే తీరు అదే.

వేరే బండి బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చే జంపర్ తీగలతో వచ్చేవాళ్లను మాత్రం ఒక్క నిమిషం ఆపండి. మీ బ్యాటరీ 6 వోల్టులదా, 12దా? పాత బ్రిటిష్ కార్లు కొన్నింటిలో ప్లస్సే బాడీకి కలిపి ఉంటుంది. ఇది రాసిన చీటీ బ్యాటరీ మీదే అతికించండి. తాడు కట్టి లాగడం కన్నా నాలుగు చక్రాలూ పైకెక్కే లారీ మేలు; ఖర్చెక్కువైనా ఇక్కడ బేరమాడొద్దు.

బసకు గది బాగుందా అని కాదు, బండి ఎక్కడ పెడతారని ముందు అడగండి. నేలమాళిగ పార్కింగ్ మాకు నచ్చదు. ర్యాంపు నిటారు, పొద్దున చోక్ లాగి ఇంజన్ వేడెక్కిస్తుంటే ఆ మూసిన చోట విషవాయువు నిండుతుంది. రోడ్డు మట్టంలో, కిటికీలోంచి కనబడేలా చదునైన జాగా ఉండి, గేటు దగ్గర కాస్త వాలు ఉంటే ఇంకేం కావాలి? స్టార్టర్ మొరాయిస్తే తోసుకోవచ్చు. రాత్రి కింద అట్టముక్క పరచండి. నల్లటి చుక్కలు నాలుగైతే ఇంజన్ ఆయిలు, పాత బండికి మామూలే. ఆకుపచ్చగా ఉంటే రేడియేటర్ నీళ్లు. గొట్టాల క్లిప్పులు బిగించండి. చక్రం లోపలివైపు పల్చటి తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ అనుకోవాలి. అది బాగయ్యేదాకా, పిల్లలెంత తొందరపెట్టినా, బండి కదలదు.