పాత యంత్రం పని తేల్చి చెప్పిన పాలమూరు మరమ్మతు దుకాణం

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ చుట్టుపక్కల సందుల్లో కుట్టు మిషన్లు, తరాజులు, గోడ గడియారాలు బాగుచేసే దుకాణాలు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటిలో ఒకదాని పనితనం గురించి ఈ సమీక్ష. బోర్డు మీద మరమ్మతులు అని మాత్రమే రాసి ఉన్నప్పటికీ, దేనికి వాడేవారో ఎవరికీ తెలియని పాత పరికరాన్ని ముందు పెడితే దాని పనిని ఆధారాలతో సహా తేల్చి చెప్పడమే ఆ దుకాణం అసలు ప్రత్యేకత అని నా అభిప్రాయం.

నేను తీసుకెళ్లినది గద్వాలలో మగ్గం మానేసిన ఒక ఇంటి అటక మీద దొరికిన పరికరం. చెక్క పీట మీద బిగించిన పోత ఇనుప దిమ్మె, దానిపై ఆరు చేతులతో తిరిగే చక్రం, ఒక పక్క తిప్పడానికి పిడి, మరో పక్క అంకెలు అరిగిపోయిన ఇత్తడి బిళ్ల, దాని వెనుక పళ్ల చక్రం, పైన ఒక చిన్న గంట ఉన్నాయి. చూసినవారిలో కొందరు రాట్నమన్నారు, కొందరు తాళ్లు పేనే యంత్రమన్నారు. నేత పని కొంత తెలిసిన ఒకరు ఆసు (పేక నూలును మేకుల చుట్టూ చుట్టి అమర్చే చట్రం) అన్నారు గానీ, ఆసుకు అర్ధచంద్రాకారంలో మేకులు ఉంటాయే తప్ప తిరిగే చక్రం, గంట ఉండవు. ఆరు చేతుల్లో ఒకటి మధ్యలో కీలు దగ్గర లోపలికి మడుచుకుపోతుంది. అది విరిగిందనుకొని, అతుకు పెట్టి గట్టిగా చేస్తామని ఒక వెల్డింగు షాపువారు ముందుకు వచ్చారు. ఆ పని జరిగి ఉంటే పరికరం శాశ్వతంగా పాడయ్యేది.

ఈ దుకాణంలో అందరూ ఉస్తాద్ అని పిలిచే యజమాని దాని పేరేమిటో ఊహించడానికి ప్రయత్నించనే లేదు. "కొలువకముందే పేరు చెప్పుడు మంచిగుండదు సార్" అని, పళ్ల చక్రంలో పేరుకున్న జిడ్డును కిరోసిన్‌తో కడిగి, ఒక పన్నుకు సుద్దముక్కతో గుర్తు పెట్టి లెక్కించారు. 80 పళ్లు వచ్చాయి. ఇరుసు మీద చెక్కిన మరచుట్టు ఆ పళ్లలో కూర్చుంటుంది కాబట్టి, పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగితే పళ్ల చక్రం ఒక్క పన్ను మాత్రమే జరుగుతుంది. 80 చుట్లు పూర్తయ్యేసరికి దాని మీది చిన్న మేకు గంటను కొడుతుంది. ఆ తరువాత ఆరు చేతుల కొసల చుట్టూ దారం చుట్టి, విప్పి టేపు మీద పరిస్తే సరిగ్గా 54 అంగుళాలు, అంటే గజంన్నర వచ్చింది. చుట్టుకు గజంన్నర చొప్పున 80 చుట్లకు 120 గజాలు. పరికరం ఎక్కడి నుంచి వచ్చిందని ఆయన అడిగింది ఇంత లెక్క తేలిన తరువాతే.

నూలు లెక్కలో 120 గజాలను ఒక లీ అంటారు. ఏడు లీలు కలిస్తే 840 గజాల చిలప. ఒక పౌను (పౌండు, సుమారు 454 గ్రాములు) బరువుకు అలాంటి చిలపలు ఎన్ని తూగుతాయో అదే ఆ నూలు నంబరు: 40 నంబరు నూలైతే పౌనుకు 40 చిలపలు, అంటే 33,600 గజాలు. పౌనుకు 7,000 గ్రెయిన్లు కాబట్టి, ఒక లీ బరువును గ్రెయిన్లలో తూచి 1,000ని దానితో భాగిస్తే నంబరు నేరుగా వచ్చేస్తుంది. మన ముందున్నది లీ కొలిచే చక్రం, మిల్లులవారు ర్యాప్ రీల్ అనే పరికరం. మడుచుకునే చేయి విరిగినది కాదు. చుట్టిన నూలు బిగుసుకొని ఉంటుంది కాబట్టి, దానిని తెగకుండా జార్చి తీయడానికే ఆ కీలు పెట్టారు. దారాన్ని కొద్దికొద్దిగా పక్కకు జరిపే సన్నని కడ్డీ కూడా అలంకారం కాదు, చుట్టు మీద చుట్టు పడితే చుట్టుకొలత పెరిగి లెక్క తప్పుతుంది.

ఆయన అంతటితో ఆగకపోవడం నాకు బాగా నచ్చింది. 40 నంబరు చీటీ ఉన్న నూలును గంట మోగేవరకు చుట్టి, ఆ లీని పక్కనున్న బంగారు దుకాణం కాటా మీద తూయించారు. లెక్క ప్రకారం 25 గ్రెయిన్లు, అంటే 1.62 గ్రాములు ఉండాలి, కాటా 1.63 చూపింది. ఇంత కొలత నేత ఇంటికి ఎందుకని నేను అడిగితే లెక్క చేసి చూపించారు. నూలు తూకం మీద వస్తుంది. 40 అని చెప్పి 36 నంబరు ఇస్తే తూకం సరిపోతుంది గానీ పౌనుకు 3,360 గజాలు తక్కువ పడతాయి, అంత మేరకు పడుగో పేకో కరవవుతుంది.

పరికరం వయసు విషయంలోనూ ఆయన నిక్కచ్చిగానే ఉన్నారు. గజాల లెక్క ఉంది కనుక బ్రిటిష్ కాలం నాటిదని చెప్పి ధర పెంచే పాత సామాను వ్యాపారులు ఉన్నారు. దేశంలో మెట్రిక్ కొలతలకు 1956లోనే చట్టం వచ్చినా, నూలు నంబరును నేటికీ గజాలు, పౌన్ల మీదే చెబుతున్నారు. నూలు పరీక్షించే చోట ఇలాంటి చక్రాలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కాబట్టి గజాలను చూసి కాలం చెప్పలేనని ఆయన తేల్చేశారు.

లోపాలు లేకపోలేదు. గంట స్ప్రింగును నన్ను అడగకుండానే మార్చారు, పాతది తిరిగి ఇవ్వలేదు. పాత వస్తువులను ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచాలనుకునేవారికి ఇది చిన్న విషయం కాదు. చెప్పిన గడువు దాటింది. రసీదు గానీ, కనుగొన్న వివరాలు రాసిన కాగితం గానీ ఇవ్వరు, కనుక కొలతలను మనమే దగ్గరుండి రాసుకోవాలి. మరోవైపు, ఇత్తడి బిళ్లను గరుకు కాగితంతో రుద్దమని నేను కోరితే, మిగిలిన అంకెలు కూడా పోతాయని ఒప్పుకోలేదు. ఆ మాట సరైనదే. గుర్తించినందుకు వేరుగా ఏమీ తీసుకోలేదు. శుభ్రం చేసి, నూనె వేసి, స్ప్రింగు మార్చినందుకు అడిగిన మొత్తం న్యాయంగానే ఉంది.

ఫోన్‌లో ఫొటోలు చూపిస్తే ఆయన ఏమీ చెప్పరు. వస్తువునే తీసుకెళ్లాలి, ఊడిపోయిన మరలు, విడి ముక్కలు ఏవైనా ఉంటే తుక్కు అనుకొని పారేయకుండా వాటిని కూడా సంచిలో వేసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం దుకాణం మూసి ఉంటుంది.