గోవా కోర్సా, సరంగు సర్టిఫికెటా, పుట్టి మీద అనుభవమా: బోటు నడపనీకి ఏది మేలు?

మా మేనల్లుడు డిగ్రీ అయిపోయి ఖాళీగ ఉన్నడు, కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలల లాంచీ మీద పనికి పోదామని చూస్తుండు. "మామా, కెప్టెన్ లైసెన్స్ ఎట్ల తీయాలె" అని ఒక యూట్యూబ్ వీడియో పంపిండు. చూస్తే అది అమెరికా కోస్ట్ గార్డోళ్లది, 360 రోజులు బోటు మీద తిరిగిన లెక్క చూపిస్తే పైసలిచ్చే ప్యాసింజర్లను ఆరుగురి దాకా ఎక్కించుకునే లైసెన్స్. అది కృష్ణల నడ్వది రా అని చెప్పి, మన దిక్కు ఏమేం దారులున్నయో కూసొని మాట్లాడుకున్నం.

ఒకటి గోవా. కేంద్ర టూరిజం వాళ్ల నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ అక్కడనే ఉంది, పవర్‌బోట్ నడపడం, నీళ్లల్ల పడ్డోళ్లను కాపాడటం నేర్పిస్తరు. కొన్ని రోజుల్ల అయిపోతది. కిల్ కార్డ్ ఒంటికి తగిలించుకోకుండ ఇంజిన్ స్టార్ట్ చెయ్యొద్దని (నడిపెటోడు జారి పడితే ఆ తాడు ఊడి ఇంజిన్ ఆగిపోతది), ఎదురెదురుగ రెండు బోట్లొస్తే ఇద్దరూ కుడికే తిప్పాలని, గిసొంటివి చేతికి అలవాటైతయి. గానీ గా కాయితం పట్టుకొని వంద మంది ఉన్న లాంచీ స్టీరింగ్ ఇయ్యమంటే ఎవరూ ఇయ్యరు, ఇయ్యొద్దు గూడ.

రెండోది అసలు సర్టిఫికెట్. 1917 నాటి చట్టం పోయి 2021ల ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం వచ్చింది, దాని కింద ఇచ్చిన సర్టిఫికెట్ ఏ రాష్ట్రంలనైనా చెల్లుతది. ముందు సరంగు (లాంచీ స్టీరింగ్ పట్టెటోడు), ఆ పైన మాస్టర్. (లాంచీ భాషల డ్రైవరంటే ఇంజిన్ చూసెటోడు, స్టీరింగ్ పట్టెటోడు కాదు.) ట్రైనింగ్‌కు బీహార్‌ల ఉన్న పట్నాల నేషనల్ ఇన్‌లాండ్ నావిగేషన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇది నెలల పని గాదు, ఏండ్ల పని, ముందుగాల కింద పనిచేసిన సర్వీసు ఉండాలె, కండ్లు బాగుండాలె, ఎరుపు ఆకుపచ్చ లైట్లు తేడా తెల్వాలె.

మూడోది, పైసలు లేని దారి, చేపలు పట్టె పెద్దమనిషితోని పుట్టిల (బుట్టలాంటి గుండ్రటి చిన్న పడవ) తిరుగుడు. నవ్వకుండ్రి. శ్రీశైలం డ్యాం 885 అడుగులు నిండినప్పుడు సోమశిలకు అవతల సంగమేశ్వరం గుడి నీళ్ల కిందనే ఉంటది, ఎండకాలం నీళ్లు దిగితే బయటికొస్తది. అంటే అదే రూట్‌ల ఆగస్టుల పోయినట్టు ఏప్రిల్‌ల పోలేం, ఎక్కడ బండ లేస్తదో ఎక్కడ మొద్దు తగుల్తదో ఏ కోర్సుల చెప్పరు, ఆ పెద్దమనిషికే తెలుసు.

గానీ ఆయనకు తెల్వనిది గూడ ఉంటది. ఒకసారి అసొంటాయన నడిపె ఇంజిన్ బోటుల మేం పోతుంటే నీళ్ల కింద తిరిగె పంకాకు వల చుట్టుకుంది, నడిపెటాయన ఇంజిన్ బందు పెట్టి కత్తి తీస్కొని వెనక్కి వంగిండు, ఏమైందో చూద్దామని మేమందరం అటే లేచి పోయినం, బోటు ఒక్క పక్కకు ఒరిగి నీళ్లు అంచు మీదికెళ్లి లోపలికొచ్చినయి. లైఫ్ జాకెట్లేమో సీట్ల కింద మూటగట్టి ఉన్నయి. "కూసోండ్రి, ఎక్కడోళ్లు అక్కడ కూసోండ్రి" అని ఒక్క మాట ఆయనకు నోటికి రాలేదు, ఎందుకంటే ఎవరూ నేర్పలే. 2019ల కచ్చులూరు దగ్గర గోదావరిల బోటు మునిగినప్పటి నుంచి నాకిదే గుర్తొస్తది.

అందుకే సరదాకు నడపాలంటే గోవా చాలు, బతుకుదెరువంటే సర్టిఫికెట్ తప్పది, షార్ట్‌కట్ లేదు. మా వాడికి మాత్రం ముందు గోవా పో, వచ్చి లాంచీ మీద హెల్పర్‌గ చేరి సర్వీసు జమ చేస్కో, సెలవుంటే పుట్టి ఎక్కు అన్న. జాకెట్ బెల్టులన్నీ బిగించుకోవాలె, లేకుంటే నీళ్లల్ల పడంగనే జాకెట్ పైకి మనిషి కిందికి పోతడని గూడ చెప్పిన.

అన్నీ అయినంక అడిగిన, ఈత వస్తదా రా అని.

"బాయిల వస్తది మామా" అన్నడు.