పురిటి నొప్పులా, సిజేరియన్ కోతా: ఏ నొప్పి తక్కువ?

నొప్పులు పడలేను, సిజేరియనే చేయించుకుంటా అనేవాళ్లు చాలామంది. ముహూర్తం పెట్టించుకుని మరీ వెళ్లేవాళ్ల సంగతి సరేసరి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. కానీ దాంతో నొప్పి తప్పదు, వెనక్కి జరుగుతుందంతే.

నార్మల్‌లో నొప్పి ముందే పడాలి. తొలి కాన్పుకైతే పన్నెండు గంటలు దాటొచ్చు. చాలామందికి నడుములో మొదలై పొత్తికడుపును పిండేస్తూ నిమిషంపాటు ఉండి వదులుతుంది, మళ్లీ వచ్చేలోపు ఊపిరి తీసుకోవాలి, అటూ ఇటూ నడవాలి, వెనకనుంచి అమ్మో అక్కో అరచేత్తో నడుం గట్టిగా నొక్కిపట్టారా, సగం ప్రాణం లేచొస్తుంది. వెల్లకిలా పడుకోబెడితే మాత్రం నరకమే. బిడ్డ బయటికొచ్చాక ఆ పోటు దాదాపు ఆగిపోతుంది. కుట్లు పడితే కొన్నాళ్లు కూర్చోలేరు, అదొకటి.

సిజేరియన్‌లో వెన్నుకిచ్చే మత్తువల్ల కోత తెలియదు, లోపల ఏదో లాగుతున్నట్టుంటుంది. మత్తు దిగాకే అసలు కథ: నవ్వినా కష్టమే, దగ్గాలంటే దిండు పొట్టకి అదుముకోవాలి, పక్కకి తిరిగి చేతి ఆసరాతో లేవాలి. కోలుకోవడానికి ఆరు వారాలు.

భయం నొప్పి గురించే అయితే నా ఓటు నార్మల్ కాన్పులోనే నొప్పి తగ్గించే ఎపిడ్యూరల్‌కి. నడుములో సన్నటి గొట్టంతో మందిస్తారు, మెలకువగానే ఉంటారు. మత్తు డాక్టరు రాత్రిపూట ఉంటారో లేదో ముందే అడగండి.