తేలినీలాపురానికి ఏ జూమ్?

సిగ్మా కంపెనీ కాంటెంపరరీ సిరీస్‌లోని 100-400, 150-600 మిల్లీమీటర్ల జూమ్ లెన్సులు రెండింటితోనూ శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో పక్షుల ఫొటోలు తీశాను. పక్షుల కోసమే అయితే నా ఓటు 150-600కే. చెట్టు కొమ్మల్లో గూటి మీద కూర్చున్న పెలికాన్‌ను 600 దగ్గర చూస్తే, పై ముక్కు అంచున వరుసగా ఉన్న ముదురు చుక్కలు ఒక్కొక్కటీ లెక్కపెట్టవచ్చు. 400తో అదే పక్షి ఫ్రేములో చిన్నదైపోతుంది. ఫొటోను కత్తిరించి పెద్దది చేస్తే ఈకల నునుపు పోతుంది. గూటికి దగ్గరగా వెళదామనుకోవడం మాత్రం తప్పు. తల్లి పక్షి బెదిరితే పిల్లలు ఎండకు మాడతాయి.

అయితే బరువు? 150-600 దాదాపు 1,930 గ్రాములు, 100-400 సుమారు 1,160. మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు) లేకుండా పెద్ద లెన్సును అరగంట ఎత్తి పట్టుకుంటే మణికట్టు లాగేస్తుంది. పూర్తి జూమ్‌లో రెండింటి అపర్చరూ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/6.3 దగ్గరే ఆగుతుంది, అంటే వెలుతురు తక్కువే కాబట్టి మబ్బు పట్టిన ఉదయాన ఏ లెన్సుతోనైనా ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచాల్సిందే.

అదే ప్రయాణంలో శ్రీముఖలింగం గుడి శిల్పాలు, కళింగపట్నం తీరం కూడా చూడాలనుకుంటే 100-400 చాలు. బస్సులో ఒడిలో పెట్టుకోవచ్చు, 1.6 మీటర్ల దూరంలోని వస్తువు మీదా ఫోకస్ అవుతుంది. పెద్దదానికి 2.8 మీటర్లు కావాలి.