సముద్రం ఎక్కడికీ పోదు సార్, కూర చల్లారిపోతుంది

హైదరాబాద్ నుంచి బయల్దేరే తెలుగు టూర్ల కరపత్రం ఏది చూసినా పై వరుసలో ఉండేది ఒకటే: "మన వంటవాళ్లు, మన భోజనం." గుళ్ల పేర్లు ఆ కిందెక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. నేను ఏళ్లుగా వెళ్తున్న టూర్ వాళ్లదీ అదే పద్ధతి. బస్సు డిక్కీలో గ్యాస్ పొయ్యి, గుండిగలు, బియ్యం బస్తాలు, ఆవకాయ డబ్బా. ఎవరి కంచం, గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలి.

అమ్మను కాశీ, గయ తీసుకెళ్లింది వీళ్లతోనే. చలికాలం తెల్లవారుజామున గంగలో మునిగి వణుక్కుంటూ సత్రానికి వస్తే వేడి ఉప్మా, అల్లం టీ. మధ్యాహ్నం ముద్దపప్పు, చారు. బయట ఒక్క పూరీ తిన్నా కడుపు పట్టుకుని కూర్చునే మనిషి ఆ ట్రిప్ మొత్తంలో మాత్ర వేసుకోలేదు. తిరిగొచ్చాక మా అపార్ట్‌మెంట్‌లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ వీళ్ల నంబర్ ఇచ్చాను. ఆ మెప్పు ఇప్పటికీ అలాగే ఉంది, కాశీ వరకు.

ఈ చలికాలం వీళ్లతోనే కర్ణాటక తీరం వెళ్లాం: గోకర్ణ, మురుడేశ్వర్, కొల్లూరు, ఉడుపి. బస్సు, రూములు, దర్శనాలు అన్నీ ఇచ్చిన డబ్బుకు తగ్గట్టే ఉన్నాయి. నా బాధంతా వంటతోనే.

కాశీలో మకాం ఒక్కచోటే. పొయ్యి ఒకసారి దింపితే మళ్లీ బయల్దేరేదాకా కదలదు. తీరంలో రోజుకో ఊరు. ప్రతి ఊళ్లోనూ ముందు ఒక కల్యాణ మండపం వెతకాలి, నీళ్లు చూసుకోవాలి, కూరగాయలు తేవాలి. దాంతో బస్సు సముద్రాన్ని బట్టి కాకుండా మండపాన్ని బట్టి తిరుగుతుంది. మురుడేశ్వర్‌లో 123 అడుగుల శివుడి ఎదుట ఫొటోలు అయ్యాయి. పక్కనే 20 అంతస్తుల రాజగోపురం, లిఫ్ట్‌లో పైకి వెళ్తే మూడు వైపులా సముద్రమే. మేం లిఫ్ట్ క్యూలో ఉండగానే టిఫిన్ చల్లారుతోందని మేనేజర్ నుంచి ఫోన్. సగం మంది దిగొచ్చేశారు. నేను దిగలేదు, అందుకు బస్సులో నాలుగు మాటలు పడ్డాను.

అదైనా సర్దుకుపోవచ్చు. ఉడుపి రోజు మాత్రం మింగుడుపడదు.

మన దగ్గర ఏ బజారులో చూసినా ఒక ఉడుపి హోటల్ కనిపిస్తుంది. ఆ ఉడుపికే వెళ్లి, తొమ్మిది రంధ్రాల కిటికీలోంచి కృష్ణుడిని చూసి, మేం తిన్నది టమాటా పప్పు, వంకాయ కూర. మఠంలో భోజన ప్రసాదం పెడుతున్నారు. ఇక్కడి కృష్ణుడికి అన్నబ్రహ్మ అని పేరు కూడా. అయినా మేనేజర్ అందరినీ బస్సెక్కించారు, వంట అవుతోందని. మండపానికి వెళ్తే అక్కడ నీళ్ల మోటారు పాడైంది. ట్యాంకర్ వచ్చి, బియ్యం కడిగి, అన్నం ఉడికేసరికి రెండున్నర దాటింది.

ఆ మధ్యాహ్నం మా ప్రోగ్రాం మల్పే, అక్కడి నుంచి పడవలో సెయింట్ మేరీస్ ద్వీపం. నేను ఈ టూర్‌కి డబ్బు కట్టిందే దాని కోసం. అక్కడ సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందట, మడగాస్కర్ మన భూభాగం నుంచి విడిపోయిన కాలంలో పొంగిన లావా చల్లారి, కుంచించుకుని, నిలువునా పగిలి స్తంభాలైంది. చాలావాటికి ఆరు పలకలు, ఉలి పెట్టి చెక్కినట్టు. వానాకాలంలో పడవలు ఉండవు కాబట్టే ఈ నెలలు చూసుకుని వచ్చాను. మల్పే ఉడుపికి ఆరేడు కిలోమీటర్లే. మేం కొందరం ఆటోల్లో ముందు వెళ్తాం, భోజనం వద్దు అన్నాను. గ్రూపు విడిపోతే తన బాధ్యత అన్నారు మేనేజర్. నేను పట్టుబడితే నవ్వుతూ చెయ్యి పట్టుకుని, "సముద్రం ఎక్కడికీ పోదు సార్, కూర చల్లారిపోతుంది" అన్నారు. చుట్టూ పెద్దవాళ్లు కంచాలు పట్టుకుని నిలబడ్డారు. ఇంకేం అంటాను?

మల్పే చేరేసరికి చివరి పడవ వెళ్లిపోయింది, టికెట్ల కిటికీ మూసేశారు. ఒడ్డున ఒంటె ఎక్కి ఫొటోలు దిగమన్నారు. వంకాయ కూర బాగుందని కూడా చెప్పాలి, ఆ మాస్టర్ చేతిలో ఏదో ఉంది. ఆ కోపంలోనూ మారు వడ్డించుకున్నాను.

మర్నాడు తిరుగు దారిలో గ్యాస్ అయిపోయింది. కుందాపుర దగ్గర ఒక చిన్న హోటల్ ముందు బస్సు ఆపక తప్పలేదు. నీర్ దోసె, కొబ్బరి చట్నీ, మన మైసూరు బజ్జీ లాంటి గోళీబజే. సాంబారులో బెల్లమేంటని గొణిగినవాళ్లే రెండోసారి పోయించుకున్నారు. వంట లేదు కాబట్టి ఓ గంట మిగిలింది, మరవంతెలో దిగాం. హైవేకి ఒక పక్క అరేబియా సముద్రం, ఇంకో పక్క సౌపర్ణిక నది. ఈ టూర్ మొత్తంలో ఎవరూ వాచీ చూడని గంట అదొక్కటే. అమ్మ మాత్రం హోటల్లో దోసె తుంచి చూసి, కొబ్బరి నూనె వాసన వస్తోందని పక్కన పెట్టేసి పెరుగన్నం తింది. ఆ రాత్రి మాస్టర్ కొత్త సిలిండర్‌తో చారు కాచాక గానీ ఆవిడ మొహం విప్పారలేదు.

సిలిండర్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. రైల్లో దాన్ని తీసుకెళ్లడం నిషేధం. 2023 ఆగస్టులో మదురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీ తగలబడి తొమ్మిది మంది పోయింది, లోపల దొంగచాటుగా పెట్టిన సిలిండర్ వల్లే. మాది బస్సే అయినా, రాత్రిళ్లు స్లీపర్ బెర్త్ మీద పడుకున్నప్పుడు కింద డిక్కీలో ఏముందో గుర్తొచ్చి టెన్షన్‌గానే ఉండేది.

వంట మానేయమని నేను అనను. ద్వీపం ఉన్న రోజు పొద్దున్నే పులిహోర, పెరుగన్నం పొట్లాలు కట్టిస్తే చాలు. ఈ మాట మేనేజర్‌కి చెప్పాను, తల ఊపారు, అంతే.

ఇంట్లో బయటి తిండి పడని పెద్దవాళ్లు ఉండి, గుళ్లే ముఖ్యమైతే వీళ్లతో వెళ్లొచ్చు. నాలాగా నీళ్ల కోసం వెళ్లేవాళ్లైతే, అడ్వాన్స్ కట్టే ముందే పడవ ఉన్న రోజు మధ్యాహ్న భోజనం ఎక్కడ, ఎన్నింటికి అని అడగండి. మండపం పేరు చెప్తే ఆలోచించుకోండి. అమ్మకైతే వచ్చే కార్తీకంలో రామేశ్వరానికి వీళ్ల బస్సులోనే సీటు చెప్పి ఉంచాను. నా సీటు సంగతి వాళ్ల ప్రోగ్రాం కాగితం చేతికొచ్చాక చూస్తాను.