ఆరేళ్లు వాడాక: జెనరిక్ విండ్ మోడల్‌తో నా పేచీ అంతా ఆ ఒక్క బ్లాకు దగ్గరే

ఉత్తర అమెరికా పశ్చిమ గ్రిడ్ సంస్థ డబ్ల్యూఈసీసీ వాళ్ల రెండో తరం జెనరిక్ విండ్ మోడళ్లతో, అంటే ఏ కంపెనీ టర్బైన్‌కైనా సరిపెట్టుకునే కంప్యూటర్ నమూనాలతో, ఆరేళ్లుగా స్టెబిలిటీ స్టడీలు (ఫాల్ట్ వస్తే గ్రిడ్ తట్టుకుంటుందా అని చూసే సిమ్యులేషన్లు) చేస్తున్నాను. వాటిలో ఏయే బ్లాకులు, అంటే విడి భాగాలు, ఉంటాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. నా కోపమల్లా టర్బైన్ కన్వర్టర్‌ను గ్రిడ్‌కు కలిపే ఆర్‌ఈజీసీ-ఏ అనే బ్లాకు మీదే.

ఒక 200 మెగావాట్ల విండ్ ఫామ్ స్టడీ చేతికొచ్చింది. అన్నీ టైప్-4 టర్బైన్లు, అంటే కరెంటంతా కన్వర్టర్ గుండానే గ్రిడ్‌కు వెళ్లేవి. పొడవాటి లైను చివర ఉంది. ఉన్న రెండు లైన్లలో ఒకటి పోతే షార్ట్ సర్క్యూట్ రేషియో (ఫామ్ సైజుతో పోలిస్తే గ్రిడ్ ఎంత గట్టిదో చెప్పే అంకె, తగ్గేకొద్దీ బలహీనం) 2కి పడిపోతుంది. పక్క సబ్‌స్టేషన్ దగ్గర త్రీ ఫేజ్ ఫాల్ట్ (మూడు ఫేజులూ షార్ట్ అవడం) సిమ్యులేషన్‌లో పెట్టి, 100 మిల్లీసెకన్లకు క్లియర్ చేశాను. ఫాల్ట్ ఉన్నంతసేపూ మోడల్ బుద్ధిగా, వోల్టేజీని నిలబెట్టే రియాక్టివ్ కరెంటు ఇచ్చింది. క్లియరైన క్షణాన టెర్మినల్ వోల్టేజీ సూదిలా లేచి 1.31 పర్ యూనిట్ (మామూలు వోల్టేజీ 1 అనుకుంటే) తాకింది. వోల్టేజీ హద్దు దాటితే ఫామ్‌ను విడదీసే ఓవర్‌వోల్టేజీ రిలే సెట్టింగు 1.3, డిలే సున్నా. ఒక్క స్టెప్పులో 200 మెగావాట్లూ పోయాయి.

ఫామ్ నిలబడదని రిపోర్టులో రాసేశాను. సింక్రనస్ కండెన్సర్ (గ్రిడ్ వోల్టేజీని నిలబెట్టే తిరిగే యంత్రం) పెట్టాల్సిందేనన్న చర్చ మొదలైంది. అది చిన్న ఖర్చు కాదు. నాకు మాత్రం ఆ సూది కంట్లో నలుసులా ఉండిపోయింది. రెండు రోజుల తర్వాత లాగ్ ఫైలు తెరిచి పైనుంచి కిందిదాకా చదివాను. ముందే చేయాల్సిన పని అది. సరిగ్గా ఫాల్ట్ క్లియరైన స్టెప్పు దగ్గర నెట్‌వర్క్ లెక్క కన్వర్జ్ కాలేదన్న, అంటే ఒక జవాబుకు తేలలేదన్న మెసేజ్ ఉంది.

టైమ్ స్టెప్ 5 మిల్లీసెకన్ల నుంచి 1కి తగ్గించాను. సూది 1.24 అయింది. లెక్క తేల్చే సాల్వర్‌లోని యాక్సిలరేషన్ ఫ్యాక్టర్ మార్చాను. 1.38 అయింది. సాల్వర్‌లో నేను ఒక అంకె మార్చినంత మాత్రాన నిజమైన గ్రిడ్‌లో వోల్టేజీ ఎందుకు మారుతుంది? టెన్షన్ అప్పుడు పట్టుకుంది, ఎందుకంటే రిపోర్టు అప్పటికే వెళ్లిపోయింది.

కారణం విప్పి చూస్తే సూటిగానే ఉంది. ఆర్‌ఈజీసీ-ఏ ఒట్టి కరెంట్ సోర్స్. ఫాల్ట్ పోగానే నెట్‌వర్క్ వోల్టేజీ ఆ స్టెప్పులోనే లేస్తుంది. దాని లోపలి ఆలస్యం మాత్రం మామూలుగా 20 మిల్లీసెకన్లు, కాబట్టి పాత రియాక్టివ్ కరెంటు ఇంకా పోస్తూనే ఉంటుంది. గట్టి గ్రిడ్ అయితే దాన్ని మింగేస్తుంది. బలహీనమైన గ్రిడ్‌లో ఇంపీడెన్స్ ఎక్కువ కాబట్టి అదంతా వోల్టేజీగా తేలుతుంది. దానికి తోడు 1.2 దాటగానే కరెంటు తగ్గించే లాజిక్ ఆ బ్లాకులోనే ఉంది. అదీ, నెట్‌వర్క్ సొల్యూషనూ ఒకదాన్నొకటి తరుముకుంటూ తేలక ఆగిపోతాయి. అసలు టర్బైన్‌లో లోపలి కరెంట్ లూప్ అంతకంటే చాలా ముందే సర్దుకుంటుంది.

ఆ ఆర్‌ఈజీసీ-ఏ తీసేసి, దాని స్థానంలో ఆర్‌ఈజీసీ-సీ బ్లాకు పెట్టాను. అందులో వోల్టేజ్ సోర్స్ ఇంటర్‌ఫేస్, గ్రిడ్ ఫేజును వెంటాడే పీఎల్ఎల్, లోపలి కరెంట్ లూప్ ఉన్నాయి. మెసేజ్ మాయమైంది, పీక్ 1.14 దగ్గర ఆగింది. తయారీదారు ఇచ్చిన ఈఎంటీ మోడల్‌లో (వోల్టేజీ తరంగాన్నే క్షణక్షణం లెక్కించే వివరమైన మోడల్) అదే ఫాల్ట్ వేస్తే 1.12. ఫామ్ గ్రిడ్‌లోనే ఉంది! నా సిఫారసును వెనక్కి తీసుకుంటున్నానని అదే రోజు మెయిల్ రాశాను.

ఆ ఊపులో ‘సీ వాడండి, అంతే’ అని జూనియర్లందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. తర్వాతి కేసులో రేషియో 1.5కి దిగింది. డీఫాల్ట్ పీఎల్ఎల్ గెయిన్లతో (అది ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే సెట్టింగులు) సీ గీసిన గీత నున్నగా ఉంది. ఈఎంటీలో మాత్రం ఫాల్ట్ పోయాక కూడా వోల్టేజీ సెకన్ల తరబడి ఊగింది. మొదటిసారి మోడల్ లేని ప్రమాదం చూపించింది, ఈసారి ఉన్నదాన్ని దాచింది. నాకైతే రెండోదే ఎక్కువ భయం. తయారీదారు దగ్గర గెయిన్లు తీసుకుని పెట్టాక సీ కూడా ఊగింది, కానీ ఫ్రీక్వెన్సీ పూర్తిగా కలవలేదు.

ఇంకో లోటు బ్లాకు ఏది మార్చినా తీరేది కాదు. 2016 సెప్టెంబర్ 28న సౌత్ ఆస్ట్రేలియాలో తుపాను గాలికి లైన్లు కూలి, వరుసగా వోల్టేజీ డిప్‌లు (క్షణకాలం పడిపోవడాలు) వచ్చాయి. కొన్ని నిమిషాల్లో ఇన్ని డిప్‌లకు మించి తట్టుకోవద్దన్న సెట్టింగు చాలా విండ్ ఫామ్‌లలో ముందే ఉంది. దాంతో కొన్ని సెకన్లలోనే 456 మెగావాట్లు తగ్గాయి, పక్క రాష్ట్రం విక్టోరియాతో కలిపే హేవుడ్ ఇంటర్‌కనెక్టర్ ట్రిప్ అయింది, రాష్ట్రమంతా చీకటైంది. అక్కడి స్టడీ మోడళ్లలో ఆ సెట్టింగు లేదు. మన జెనరిక్ కంట్రోల్ బ్లాకుల్లోనూ డిప్‌లను లెక్కపెట్టే కౌంటర్ లేదు. ఆ సంఖ్య ఎంతో తయారీదారును అడిగి, రిలే మోడల్‌గా విడిగా రాసుకుంటున్నాను.

ఇంత చెప్పినా ఈ మోడళ్లను వదల్లేదు. వేల బస్సులు (గ్రిడ్ కూడళ్లు) ఉన్న సిస్టమ్, రేషియో 5కి పైన ఉన్న ఫామ్ అయితే ఇప్పటికీ ఆర్‌ఈజీసీ-ఏతోనే చేస్తాను. పరామీటర్లన్నీ కళ్లెదుట కనిపిస్తాయి, రన్ నిమిషాల్లో అయిపోతుంది. ఈఎంటీ అయితే ఆ సైజుకి గంటలు పడుతుంది. నాకొచ్చే ఫామ్‌లు ఎక్కువగా లైను చివరవి కాబట్టి కోపం ఎక్కువ కావచ్చు. గట్టి సబ్‌స్టేషన్ల పక్కన పనిచేసేవాళ్లకు ఈ సూది ఎప్పుడూ కనపడకపోవచ్చు.

ఆ 200 మెగావాట్ల ఫామ్ విస్తరణ స్టడీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. అసలు గెయిన్లతో సీ, పక్కన ఈఎంటీ, రెండూ నడుపుతున్నాను. నిన్నటి రన్‌లో ముందు లాగ్ ఫైలు చూసి, తర్వాతే ప్లాట్ తెరిచాను.